మూడో కిటికీ కాడి గొంతు

భాగ్యమ్మ పొద్దు పొడవకముందే టవరుకు పోతుంది. సాఫ్ట్‌వేరు పిల్లలు వచ్చేలోపల నేలంతా తుడిచి, అద్దాలు మెరిపించి, వాళ్ళ బల్లల మీది కాఫీ మరకలు పోగొట్టాలి. అందుకని నానక్‌రామ్‌గూడలో తమ ఇంట్లో పొద్దుటి అన్నం వండేది ఆమె భర్త మొగిలి. మొగిలిది కూడా ఆ టవరులోనే పని. గేటు కాడ సెక్యూరిటీ. కాకపోతే ఆయన డ్యూటీ ఎండెక్కినాక మొదలవుతుంది.

మొగిలి అన్నం వండితే మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. వాడలో ఆడవాళ్ళు కూడా ఒప్పుకునే మాట ఇది. బియ్యం కొలిచి పళ్ళెంలో పోస్తాడు. రాళ్ళు ఏరుతాడు. కడగబోయే ముందు ఒకసారి వాకిలి వైపు చూస్తాడు. ఎవరూ లేరంటే పళ్ళెంలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి, పొయ్యి పక్కన మూలకున్న చిన్న మట్టికుండలో వేస్తాడు. వేసి, పైన కుప్పగా కనపడకుండా అరచేత్తో చదును చేసి, మూత పెట్టేస్తాడు. దొంగతనం చేసినవాడు కూడా అంత భయంగా మూత పెట్టడు.

ఆ కుండను దేవుని కుండ అంటారు. వాడలో చర్చికి పోయే ప్రతి ఇంట్లోనూ అట్లాంటిది ఒకటుంటుంది. బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు దేవునికి తీసి పెట్టాలి. ఆదివారం కుండ ఎత్తుకుపోయి చర్చిలో పోస్తే, పాస్టరు అయ్యగారు ఆ బియ్యం పొయ్యి వెలగని ఇండ్లకు పంపిస్తారు. మొగిలి తల్లి అట్లా చేసేది, ఆమె తల్లీ చేసేది. భాగ్యమ్మ సాయంత్రం వండేటప్పుడు చేస్తుంది. ఆమె చేస్తే వింతేం లేదు. మొగిలి చెయ్యడమే వింత. ఎందుకంటే దేవుడు లేడని వాడంతటికీ చెప్పినవాడు మొగిలి.

చెప్పాడంటే గట్టిగా కాదు, గుసగుసగా చెప్పాడు. మొగిలికి గొంతు లేదు. ఆయన గొంతు చర్చిలో ఉంది, మూడో కిటికీ కాడ.

ఆ చర్చి కట్టింది మొగిలి నాయిన బాలనర్సయ్య, ఆయనతో బండ కొట్టే మనుషులు. ఇప్పుడు టవర్లు లేచిన చోటంతా అప్పుడు గుట్టలూ బండలే. పగలంతా దొరల కోసం బండ కొట్టి, పొద్దు వాలినాక తమ కోసం కొన్ని రాళ్ళు కొట్టుకుని, మోసుకొచ్చి, నాలుగు గోడలు లేపారు. అక్షరం ముక్క వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి ఆ చర్చిలో పాటల పుస్తకం ఎప్పుడూ లేదు. ఒకరు నిలబడి చరణం అందిస్తే మిగిలినవాళ్ళు అందుకోవాలి. బాలనర్సయ్య పాటలు కట్టేవాడు, అందించేవాడు. ఆయన పోయినాక అందించే పని మొగిలికి వచ్చింది.

మొగిలి గొంతంటే వాడకు గర్వం. గుట్టెక్కి పిలిస్తే గోపన్‌పల్లిలో గొర్లు కాసేవాళ్ళు ఓ అని పలికేవాళ్ళట. పెండ్లి ఎవరింట్లో జరిగినా, చావు ఎవరింట్లో జరిగినా, ముందు మొగిలి వచ్చాడా అని అడిగేవాళ్ళు. హిందువుల ఇండ్లలో కూడా అడిగేవాళ్ళు.

మొగిలికీ భాగ్యమ్మకూ ఒక్క కొడుకు, సాయిలు. వాడికి బడికి పోయే వయసు వచ్చిన ఏడు జ్వరం వచ్చింది. సర్కారు దవాఖానలో పడుకోబెట్టారు. చర్చి అంతా ఉపవాసం ఉంది. మొగిలి మంచం పక్కన కూర్చుని చిన్నగా పాడుతూనే ఉన్నాడు. పిల్లవాడు ఆ పాట వింటూ వింటూ పోయాడు.

తరువాతి ఆదివారం మొగిలి చర్చికి వచ్చాడు. ఎప్పుడూ నిలబడే చోటే, మూడో కిటికీ కాడ నిలబడ్డాడు. నాయిన కట్టిన పాటే ఎత్తుకున్నాడు.

"నరికిన మోడుకు చిగురిచ్చే నాయనా…"

జనం అందుకున్నారు. అందుకుని, రెండో సగం కోసం ఆయన మొహం చూశారు. మొగిలి నోరు తెరిచాడు. తెరిచి అట్లాగే నిలబడ్డాడు. తరువాత జనాన్ని తప్పించుకుని బయటికి నడిచి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయినాక భాగ్యమ్మ నీళ్ళు తాగుతవా అని అడిగితే, వద్దన్న మాట గుసగుసగా వచ్చింది. అప్పటినుంచి అంతే.

మరుసటి ఆదివారం గంట కొట్టగానే మూడో కిటికీ కాడ ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే మనిషి లేడు. పాట మొదలైంది. మొగిలి గొంతే. ముసలి గంగమ్మ తన చాప కొంచెం పక్కకు జరుపుకుని దానికి చోటిచ్చింది.

"ఆయన అలిగిండు గని గొంతుకు అలకేముంటది?" అంది. "పాడనియ్యుండ్రి."

అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎండాకాలంలో గొంతు ఎండిపోతుందని కిటికీలో స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. ఆరాధన అయ్యేసరికి గ్లాసులో నీళ్ళు సగం దిగేవి. పిల్లలు ఆ చోట కూర్చోబోతే "అరేయ్, అది మొగిలి పెదనాయిన జాగ, ఇటు రా" అని లాగేవాళ్ళు. టవర్లు వచ్చినాక ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగాల పిల్లలు కూడా చర్చికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో భార్గవి అనే అమ్మాయి కీబోర్డు వాయిస్తుంది. ఆ అమ్మాయి కూడా మొదటి వారమే అలవాటు పడిపోయింది. "అంకుల్ ఈవేళ శ్రుతి కాస్త పైకి పట్టారండీ" అని కిటికీ వైపు చూసి నవ్వి, తన మెట్లు సర్దుకునేది.

ఆ గొంతు అన్ని పాటలూ అందించేది. ఒక్క బాలనర్సయ్య పాట మాత్రం సగంలో ఆపేసేది. "నరికిన మోడుకు చిగురిచ్చే నాయనా" అని ఊరుకునేది. రెండో సగం అందరికీ తెలుసు. పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ ఎవరూ పాడేవాళ్ళు కాదు. అది మొగిలి అందించవలసింది. మనిషి రావడం ఆలస్యమైతే కంచంలో అన్నం పెట్టి మూత పెడతారు గాని ఇంకొకరు తినేస్తారా? అట్లా, ఏండ్ల తరబడి ఆ చర్చి సగం పాట పాడి కూర్చుంది. కొత్తవాళ్ళెవరైనా మిగతాది ఏదని అడిగితే "ఆయనొచ్చి పాడుతడు" అని జవాబు చెప్పేవాళ్ళు. చెప్పేటప్పుడు తల ఎత్తి చెప్పేవాళ్ళు.

భాగ్యమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుని భర్త గొంతు వినేది. ఇంటికొస్తే భర్త ఉండేవాడు, గొంతు ఉండేది కాదు. ఒకప్పుడు ఆయన్ను "సాయిలు నాయినా" అని పిలిచేది. పిల్లవాడు పోయినాక ఆ పిలుపు నోటికి రాలేదు, ఇంకో పిలుపు కూడా రాలేదు. "ఇగో" అనేది. ఆయనా అట్లాగే "ఇగో" అని గుసగుసగా అనేవాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన ఏడు, చర్చికి కొత్త గోడలు కట్టాలని అనుకున్నారు. జనం పెరిగారు. సగం మంది బయట ఎండలో నిలబడుతున్నారు. పాత గోడలు తీసేసి ఆ రాళ్ళతోనే పెద్దగా కట్టాలి. ఇది సంతోషమే. కానీ మూడో కిటికీ ఉన్న గోడ పోతే గొంతు ఎక్కడుంటుంది?

దీని మీద ఆరాధన అయినాక చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక కుండలో పట్టి, మూతికి గుడ్డ కట్టి, గోడ లేచేదాకా ఇంట్లో పెడదామని గంగమ్మ అంది.

"కుండల పెడితె ఉక్కపోస్తది గదనే," అన్నారు పుల్లయ్య అయ్యగారు.

భార్గవి ఫోనులో పట్టి చూసింది. తిరిగి పెడితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గొంతు మనది కాదు, మొగిలిది," అన్నారు చివరికి అయ్యగారు. "తీస్కపోతె ఆయనే తీస్కపోవాలె. వచ్చే ఆదివారం తెల్లారి, సోమవారం గోడ కొడుతరు. అంతలోపల ఆయన రాకుంటె ఏమైతదో నాకు తెల్వదు."

ఆ మాట విన్నప్పటినుంచి భాగ్యమ్మకు అన్నం సయించలేదు. ఆ గొంతు కూడా పోతే ఆమెకు మొగిలిలో మిగిలేది విజిలే.

విజిల్ అంటే, గేటు కాడ ఆయనకు కంపెనీ ఇచ్చినది. మాట పైకి రాని మనిషికి సెక్యూరిటీ పని ఎట్లా వచ్చిందంటే, విజిల్ ఊదడంలో మొగిలిని మించినవాడు లేడు. కారు ఆపాలంటే ఒక రకం, పోనివ్వాలంటే ఒక రకం, తోటి గార్డు ఓబులేసును పిలవాలంటే ఒక రకం. ఓబులేసుది కడప. మొగిలి గుసగుస అర్థం చేసుకోగలిగిన మనిషి ఆ గేటు కాడ ఆయన ఒక్కడే.

ఆ శనివారం మధ్యాహ్నం అయ్యగారు గేటు కాడికి వచ్చారు. సమ్మెతో బస్సుల్లేవు, షేర్ ఆటోలు కూడా సరిగా తిరగడం లేదు. ఎండలో నడిచి వచ్చారు. ఓబులేసు కుర్చీ వేశాడు.

"కూచోండి సామీ. ఏమప్పా మొగిలీ, మీ రాష్ట్రం మీకొచ్చినంక నన్ను యాడికి పొమ్మంటావో మీ అయ్యగారి ముందర జెప్పు."

"ఏడికి పోతవ్?" అన్నాడు మొగిలి గుసగుసగా. "నువ్వు పోతె గేటు ఎవడు మూస్తడు? సక్కగ ఈడనే పడి ఉండు."

"ఇన్నారా సామీ? తెలంగాణ వచ్చినా నాకు గేటు తప్పదంట."

అయ్యగారు నవ్వారు. చెమట తుడుచుకుని, మొగిలి వైపు తిరిగారు.

"కిటికీల రెక్కలు ఇయ్యాల తీసిండ్రు. మూడోది గూడ. నీకు తెలుసు గద?"

మొగిలి తల ఊపాడు.

"రేపు ఆఖరి ఆరాధన. వచ్చి నీది నువ్వు తీస్కపో."

"నేను ఆడ పెట్టి రాలే, అయ్యగారూ. అదే ఉండిపోయింది."

"అది ఎందుకు ఉండిపోయిందో ఎన్నడన్న అడిగినవా?"

మొగిలి గేటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. మాట కోసం గొంతు నరాలు పొంగాయి. గుసగుసే వచ్చింది. "నేను అడిగిన రోజు ఆయన ఇయ్యలే. నా పొల్లగాడు, అయ్యగారూ. ఒక్కడే. ఇప్పుడు నేనెందుకు ఇయ్యాలె ఆయనకు నా పాట?"

ఆ రోజు దవాఖానలో పిల్లవాడి కాళ్ళ కాడ కూర్చున్నది ఈ అయ్యగారే.

"ఆ దినం నేను గూడ అదే అడిగిన మొగిలీ. నాకూ జవాబు రాలే. ఇప్పటికీ రాలే. వస్తె నీకే ముందు చెప్తుంటి." లేచి నిలబడ్డారు. "ఒక్కటి మాత్రం తెలుసు, బైబిల్ల ఉన్నది. నమ్మక విరిగిపోయిన కొమ్మను మల్ల అదే చెట్టుకు అంటుకట్టుడు ఆయనకు చేతనైన పని. అడివి చెట్టు కొమ్మనే తెచ్చి కట్టినోడు, సొంత కొమ్మను కట్టలేడా?"

"ఎండిన కొమ్మ, అయ్యగారూ. ఏం అంటుతది?"

"ఎండిందో లేదో నీకెట్ల తెలుసు? గోటితోని గీకి చూడాలె. లోపల పచ్చగుంటె బతికున్నట్టు."

అయ్యగారు వెళ్ళిపోయాక ఓబులేసు కుర్చీ తీసి గోడవారకు పెట్టాడు. తరువాత, "నాకు మీ దేవుని సంగతి తెలీదప్పా," అన్నాడు. "కానీ ఆదివారం డ్యూటీలో గాలి ఇటు తిరిగినప్పుడు నీ గొంతు వింటాంటా. నా పక్కన నువ్వు కూచోనుంటావు, పాట ఆడ నుంచి వస్తాంటాది. భలే పాడతావు మనిషివి."

మొగిలి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గాని ఊదలేదు.

ఆదివారం నాడు రోడ్డు మీద వంటావార్పు. చర్చికీ టవరుకూ మధ్యనున్న పెద్ద రోడ్డు మీదే. సమ్మెలో ఉన్న బడి పంతుళ్ళు, బస్సు డ్రైవర్లు, ఆఫీసుల వాళ్ళు, చుట్టుపక్కల ఊర్లవాళ్ళు, అందరూ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినాలి. ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్ళు తెచ్చారు. ఒకరు పప్పు తెస్తే ఒకరు చింతపండు తెచ్చారు. మసీదు గల్లీ వాళ్ళు అన్నం వండే పెద్ద గంజులు తెచ్చారు. గులాబీ జెండాలు, బతుకమ్మలు, డప్పులు, ఆ ఆకాశమంత అద్దాల టవర్లలో అన్నీ రెండింతలుగా కనిపిస్తున్నాయి.

చర్చిలో ఆఖరి ఆరాధన త్వరగానే అయిపోయింది. రెక్కల్లేని కిటికీల్లోంచి దుమ్ము వస్తోంది. మూడో కిటికీ కాడి గొంతు ఆ రోజు మెల్లగా పాడింది, చుట్టానికి వీడ్కోలు చెప్పేటప్పుడు పాడినట్టు. గంగమ్మ గ్లాసులో నీళ్ళు రెండుసార్లు పోసింది. బాలనర్సయ్య పాట దగ్గరికి వచ్చి సగంలో ఆగింది. జనం కూడా ఆగారు. ఎప్పటిలాగే కూర్చున్నారు గాని, చాలామంది కండ్లు తుడుచుకున్నారు.

"ఈ వారం దేవుని బియ్యం రోడ్డు మీదికి పోతది," అన్నారు అయ్యగారు. "ఆకలైన జనం మన వాకిట్లనే కూచున్నరు. ఇంక ఏడికి పంపుతం?"

ఆడవాళ్ళు కుండలు చంకన పెట్టుకుని వరసగా రోడ్డు మీదికి నడిచారు. వాళ్ళు వస్తుంటే కూర్చున్నవాళ్ళు లేచి దారి ఇచ్చారు. "చర్చోళ్ళ బియ్యం వస్తున్నయ్" అని ఎవరో అరిచారు. డప్పులు మోగాయి. ఊరి చివర వాడలో నుంచి వచ్చిన కుండలకు పెద్ద రోడ్డు మీద డప్పు మోగడం గంగమ్మ తన బతుకులో మొదటిసారి చూసింది. ఆమె నడుం నిటారు చేసుకుని నడిచింది.

భాగ్యమ్మ కుండ అన్నిటికన్నా బరువుగా ఉంది. ఆమె గంజు దగ్గరికి పోలేదు. నేరుగా టవరు గేటు కాడికి పోయింది. మొగిలి నీలం బట్టల్లో, మెడలో విజిల్‌తో, కడ్డీ వెనకాల నిలబడి ఉన్నాడు. పక్కన ఓబులేసు.

"ఇగో," అంది భాగ్యమ్మ. "దీని మీద ఒక చెయ్యి వెయ్యి. బరువున్నది."

"నువ్వు మొయ్యలేనంత బరువా?"

"ఎందుకు బరువైందో నీకు ఎరుకలేదా?" కుండ మూత తీసి కడ్డీ మీద పెట్టింది. "నేను వేస్తె కుప్ప లేస్తది. నేను చెయ్యితోని సదరను. పొద్దుగూకి వచ్చి చూస్తె రోజూ సాపుగ ఉంటది. నా పిడికెడు చిన్నది. నీ పిడికెడు పెద్దది. ఈ కుండల నీ బియ్యమే ఎక్కువ."

మొగిలి ఆమె మొహం వైపు చూడలేదు. కుండలోకి చూశాడు. బియ్యం తెల్లగా, నిండుగా, అంచుదాకా ఉన్నాయి. అందులోకి చెయ్యి పెట్టాడు.

"ఎప్పటినుంచి ఎరుక నీకు?"

"మొదటి దినం నుంచే."

"మరి అనకపోతివి?"

"అంటె మానేస్తవని అనలే." భాగ్యమ్మ తల దించలేదు. "అందరు వాళ్ళింటోడు మందిరానికి వస్తడని చెప్పుకుంటరు. నేను ఎవరికి చెప్పుకోలే. మా ఇంట్ల దేవుడు లేడన్న మనిషి, ఒక్క పూట గూడ దేవుని పిడికెడు తప్పియ్యలేదని నాలోపల నేనే గర్వపడుకుంట వచ్చిన. నువ్వు ఏడికి పోయినవ్? ఎక్కడికి పోలే నువ్వు."

ఓబులేసు అటు తిరిగి, రాని కారును ఆపుతున్నట్టు చెయ్యి ఎత్తాడు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. సమ్మె రోజుల్లో అది మామూలే. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మైకు మూగబోయింది. పొద్దుటినుంచి పాడుతున్న పాటగాళ్ళ గొంతులు అప్పటికే బొంగురుపోయి ఉన్నాయి. మైకు లేకుండా వాళ్ళ పాట మొదటి వరస కూడా దాటలేదు. గంజుల్లో ఎసరు ఇంకా మరగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పిల్లలు ఏడుపు ఎత్తుకున్నారు. ఇంటికి పోదామని ఒకరిద్దరు లేచి బట్టలు దులుపుకున్నారు. వాళ్ళను చూసి ఇంకొందరు లేచారు. ఇంత పొద్దూ కట్టగట్టుకుని కూర్చున్న జనం, చూస్తుండగానే వదులవుతోంది.

అప్పుడు చర్చి వైపు నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నరికిన మోడుకు చిగురిచ్చే నాయనా…"

రెక్కల్లేని మూడో కిటికీలోంచి గొంతు రోడ్డు మీదికి వచ్చింది. ఏండ్ల కింద గుట్ట మీద నిలబడి పిలిచిన గొంతు. మైకు అక్కర్లేని గొంతు. టవరు అద్దాలకు తగిలి, ఆ కొస నుంచి ఈ కొసకు పరుచుకుంది. లేచినవాళ్ళు నిలబడిపోయారు. అది ఎవరి దేవుని పాటో ఎవరూ అడగలేదు. నరికిన మోడు అంటే ఏంటో వాళ్ళకు తెలుసు. ఒకరు అందిస్తే అందుకోవడం ఉద్యమంలో అందరికీ అలవాటు. రోడ్డంతా ఒక్కసారి అందుకుంది.

"నరికిన మోడుకు చిగురిచ్చే నాయనా…"

అందుకుని, రెండో సగం కోసం ఆగింది.

గొంతు కూడా ఆగింది.

డప్పులు ఆగాయి. చర్చివాళ్ళు ఎవరూ నోరు తెరవలేదు. అయ్యగారు తెరవలేదు. గంగమ్మ పెదవులు బిగించుకుని, కట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. వాళ్ళంతా ఒక్కరొక్కరుగా టవరు గేటు వైపు తిరిగారు. వాళ్ళను చూసి పంతుళ్ళు, డ్రైవర్లు, మసీదు గల్లీవాళ్ళు, అందరూ తిరిగారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. ఆ చర్చి ఎట్లా ఎదురుచూస్తూ వచ్చిందో, ఆ రోడ్డు కూడా అట్లాగే ఎదురుచూసింది.

మొగిలి చెయ్యి ఇంకా దేవుని కుండలోనే ఉంది. పిడికిలి నిండా బియ్యం. ఇన్నేండ్లు ఈ పిడికెడు వేసిందెవరని ఆయన్ను ఆయనే అడుగుతున్నట్టు దాని వైపే చూస్తున్నాడు. కొడుకు రాలేదు. రాడు. జవాబు కూడా రాలేదు. కానీ ఈ చెయ్యి ఆగలేదు. చెయ్యి ఆగకుండా పట్టుకున్నవాడెవడు?

మెడలోంచి విజిల్ తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు.

"పో అప్పా," అన్నాడు ఓబులేసు. "గేటు నేను చూసుకుంటా."

మొగిలి కడ్డీ కింద నుంచి వంగి రోడ్డు మీదికి వచ్చాడు. నోరు తెరిచాడు. ముందు గుసగుసే వచ్చింది. ముందు వరసలో ఉన్నవాళ్ళకు కూడా వినపడలేదు.

"నా మోడు మీద నుంచి…"

మూడో కిటికీ కాడ చిన్న గాలి లేచింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ తలల మీదుగా, జెండాలను కదిలిస్తూ, పొయ్యిల పొగను రెండుగా చీల్చుకుంటూ వచ్చింది. మొగిలికి దగ్గు వచ్చింది. ఒకసారి దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"నా మోడు మీద నుంచి నీ చెయ్యి తియ్యకు నాయనా!"

గోపన్‌పల్లి దాకా వినపడిందో లేదో గాని, టవరులో ఆదివారం పనికొచ్చిన పిల్లలంతా అద్దాల కాడికి వచ్చారు. చర్చి అందుకుంది. ఎన్నో ఆదివారాల నుంచి నోట్లో దాచిపెట్టుకున్న సగాన్ని ఒక్కసారిగా అందుకుంది. వాళ్ళను చూసి రోడ్డు అందుకుంది. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. డప్పులు కలిశాయి. భార్గవి కీబోర్డు లేకుండానే చప్పట్లతో తాళం వేస్తూ ఏడ్చింది, నవ్వింది. గంగమ్మ పక్కనున్న ఎవరో తెలియని డ్రైవరు భుజం పట్టుకుని, "మా మొగిలి," అంది. "మావోడు. మా బాలనర్సయ్య కొడుకు."

"నీ కొడుకా అవ్వా?" అని అడిగాడు అతను.

"మా అందరి కొడుకు," అంది.

బాలనర్సయ్య పాట పొడుగు. మొగిలి ఒక్క చరణం వదలకుండా అన్నీ అందించాడు. ఎసరు మరిగింది. దేవుని కుండల బియ్యమంతా గంజుల్లోకి పోయాయి. భాగ్యమ్మ తన కుండను రెండు చేతులతో వంచింది. మొగిలి పాడుతూనే వచ్చి, కింద ఒక చెయ్యి వేశాడు. ఆ రోజు ఆ రోడ్డు మీద ఎవరి పళ్ళెంలో ఎవరి పిడికెడు పడిందో ఎవరికీ తెలియదు. అందరూ తిన్నారు. ఓబులేసుకు విస్తరి గేటు కాడికే వెళ్ళింది.

తినడం అయ్యాక మొగిలి చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా చర్చిలోకి నడిచాడు. వాకిట్లో చెప్పులు విడిచాడు. మూడో కిటికీ కాడ స్టీలు గ్లాసు ఉంది. అడుగున కొన్ని నీళ్ళు మిగిలి ఉన్నాయి. ఆయన ఆ నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో బయటికి వినపడలేదు. అయ్యగారు వాకిలికి అడ్డంగా నిలబడి ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

సోమవారం గోడ కొట్టారు, ఆ రోజు వాడంతటికీ వంట చర్చి కాడనే. రాళ్ళు ఒక్కటొక్కటే దించి పక్కన పేర్చారు. బాలనర్సయ్య ఉలి గాట్లు ఇంకా వాటి మీద ఉన్నాయి. మూడో కిటికీ గడప రాయి దించేటప్పుడు పనివాళ్ళు చెవి పెట్టి విన్నారు. ఏమీ లేదు. ఖాళీ.

మంగళవారం పొద్దున భాగ్యమ్మ ఎప్పటిలాగే చీకటితో లేచి, పనికి బయలుదేరి సందు మలుపు దాకా పోయింది. వెనక నుంచి పిలుపు వినపడింది. వాడంతా వినపడింది. కుక్కలు లేచాయి. గంగమ్మ తలుపు తీసి బయటికి తొంగిచూసింది.

"భాగ్యమ్మా! దేవుని కుండ మూత ఏడ పెట్టినవే?"

భాగ్యమ్మ వెనక్కి తిరిగింది. ఇంత పొద్దున్నే అంత గట్టిగా అరుస్తున్నందుకు సిగ్గుపడాలో ఏం చెయ్యాలో తెలియక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గేటు కాడనే మర్చిపోయినం గదా," అని తనూ గట్టిగానే జవాబిచ్చింది. "మూత లేకుంటె ఏమాయె, సాయిలు నాయినా? ఉండనియ్యి."

ఇంట్లో మొగిలి పళ్ళెంలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి ఖాళీ కుండలో వేశాడు. వాకిలి తెరిచే ఉంది. కుండ అడుగున చిన్న కుప్ప లేచింది. ఈసారి దాన్ని అరచేత్తో చదును చెయ్యలేదు.